పన్నెండు నిండిన పిట్ట

లైబ్రరీ మేడమీది కంప్యూటర్ గది,
సోమవారం

అన్నయ్యా,

ఫోన్ చేస్తే "ఆ", "ఊ" తప్ప నీ నోట్లోంచి ఇంకో ముక్క ఊడిపడదు కాబట్టి ఉత్తరమే రాస్తున్నాను. కాగితం మీదయితే నువ్వు కాస్త మనిషిలా మాట్లాడతావు. చిన్నప్పట్నించీ నీకు ఇదే జబ్బు.

నన్ను నీ కుర్చీలో కూర్చోబెట్టి నువ్వు చేతులు దులుపుకుని వెళ్ళిపోయావు. ప్రెస్సులో ప్రూఫులు దిద్దుకుంటూ హాయిగా ఉన్నదాన్ని. "తప్పులు పట్టడం నీకు పుట్టుకతో వచ్చిన విద్య, ఈ పనీ అంతే" అని మునగచెట్టు ఎక్కించావు. ఇప్పుడు దిగడానికి దారి కనపడటం లేదు.

పని పద్ధతి మాత్రం నాకు నచ్చింది. కింద కౌంటర్ దగ్గర వాళ్ళు మామూలు మాటల్లో ఒక ఉదాహరణ చెబుతారు. ఫలానా పాఠకురాలు ఫలానా పుస్తకం అడిగితే మన వెబ్‌సైటు ఇలా చెయ్యాలి అని. అందులో ప్రతి వాక్యం వెనకా మనం కొంచెం ప్రోగ్రాం రాస్తాం, దాని పేరు స్టెప్పు. తెల్లారేసరికి కంప్యూటర్ ఆ ఉదాహరణలన్నీ తనే చేసి చూసుకుని, సరిగ్గా జరిగినవాటికి పచ్చగీత, జరగనివాటికి ఎర్రగీత పెట్టి రిపోర్టు ఇస్తుంది. ఇంతవరకూ బాగానే ఉంది. కానీ నువ్వు రాసిన స్టెప్పులున్నాయే, ఒక్కొక్కటీ ఒక్కో సంసారం. ఒకే స్టెప్పు లాగిన్ అవుతుంది, పేజీ తెరుస్తుంది, పుస్తకం వెతుకుతుంది, తీసుకుంటుంది, బయటికి కూడా వచ్చేస్తుంది. అందులో చిన్న ముక్క ఇంకోచోట వాడుకుందామంటే కుదరదు. మొత్తం కాపీ కొట్టి పేరు మార్చుకోవాలి. నిన్ను చూసి ఇక్కడ మిగతావాళ్ళంతా అలాగే కాపీ కొట్టారు. వాటన్నిటినీ తీసేసి, ఎక్కడైనా వాడుకోగలిగే చిన్న చిన్న స్టెప్పులు రాయమని మేనేజరు నా నెత్తిన పెట్టాడు. ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పు.

ఇంకొకటి. ఇన్నేళ్ళూ పచ్చగా ఉన్న ఒక ఉదాహరణ ఈవేళ పొద్దున ఎర్రగా వచ్చింది. ప్రోగ్రాంని ఎవరూ ముట్టుకోలేదు. ఎందుకై ఉంటుంది?

వదిన బాగానే ఉంది. రోజూ ఇద్దరం కలిసే వస్తున్నాం, కలిసే ఇంటికి వెళ్తున్నాం.

నీ చెల్లెలు

———

కాటాల రిపేరు షాపు, వెనక గది

చెల్లాయ్,

ఉత్తరం అందింది. తిట్లు కూడా అందాయి. ఇక్కడ నా బల్ల మీద ఒక కూరల కొట్టువాడి కాటా ఉంది. ఎప్పుడూ కాస్త ఎక్కువే చూపిస్తుందట, కొనేవాళ్ళు గోల పెడుతున్నారు. వాడు మాత్రం కాటా చాలా మంచిదనే అంటున్నాడు. అది బాగుచేస్తూ మధ్యమధ్యలో నీకు రాస్తున్నాను.

స్టెప్పుల సంగతి విను. ఒక స్టెప్పు ఒక్క పనే చెయ్యాలి. లాగిన్ అంటే లాగిన్, అక్కడితో సరి. పుస్తకం వెతకడం ఇంకొకటి, తీసుకోవడం ఇంకొకటి. అలా విడదీస్తే అవే ముక్కల్ని ఎన్ని ఉదాహరణల్లోనైనా పేర్చుకోవచ్చు. వాక్యం కౌంటర్ వాళ్ళ మాటలో ఉండాలి. "కుడిపక్క నీలం బటన్ నొక్కితే" అని రాశావనుకో, ఎవడో రేపు ఆ బటన్‌ని ఎడమపక్కకి జరుపుతాడు, నువ్వు వంద చోట్ల దిద్దుకోవాలి. "పుస్తకం తీసుకుంటే" అను. బటన్ గొడవ ప్రోగ్రాం లోపల ఒక్కచోటే ఉంటుంది.

అన్నిటికంటే ముఖ్యం, మారేవేవీ స్టెప్పులో రాసెయ్యకు. మనిషి పేరు, వయసు, పుస్తకం పేరు, వీటి దగ్గర ఖాళీ వదులు. ఉదాహరణలో ఎవరి పేరుంటే వాళ్ళే వచ్చి ఆ ఖాళీలో కూర్చుంటారు. నేను రాసే రోజుల్లో నాకీ బుద్ధి లేదు, ఎదురుగా ఉన్నవాళ్ళ పేరు పెట్టేశాను.

ఎవరూ ముట్టుకోకుండా చెడిందంటే క్యాలెండర్ ముట్టుకున్నట్టు. ఎక్కడో ఒక తేదీ రాసి ఉంటుంది, చూడు.

ఏ ఉదాహరణో నువ్వు రాయలేదు. నేనూ అడగను.

అన్నయ్య

———

కంప్యూటర్ గది

అన్నయ్యా,

నువ్వు అడగనన్నా నేను చెప్పక తప్పదు. అది పిట్టది.

నువ్వు చెప్పినట్టే తేదీ కోసం వెతికాను. స్టెప్పు మధ్యలో నీ కూతురు పుట్టిన తేదీ ఉంది, నెలా సంవత్సరంతో సహా. ఉన్నదున్నట్టు పెట్టేశావు. సోమవారంతో దానికి పన్నెండు నిండాయి. మన సైటు ఏమంటోందో తెలుసా, "పన్నెండేళ్ళు నిండినవారికి పిల్లల కార్డు చెల్లదు" అంటోంది. దాని తప్పేమీ లేదు, రూలు అదే.

సోమవారం దాని పుట్టినరోజని నాకు తెలుసు, వదినకీ తెలుసు. ఇద్దరం ఆ ఊసెత్తకుండా బస్సెక్కి వచ్చాం. దారంతా వాన వస్తుందా రాదా అని మాట్లాడుకున్నాం.

నీకు ఇన్నాళ్ళూ చెప్పని సంగతి ఒకటుంది. వదిన ఆ రిపోర్టు రోజూ చదువుతుంది. పొద్దున్నే కౌంటర్ తాళం తీసి, లైట్లు వేసి, టీ పక్కన పెట్టుకుని రిపోర్టు తెరుస్తుంది. చకచకా కిందికి జరుపుకుంటూ వెళ్ళి ఒక్కచోట ఆగుతుంది. "పిట్ట పిల్లల కార్డు చూపించి బొమ్మల పుస్తకం తీసుకుంది." పక్కన పచ్చగీత. అది చూసి మూసేస్తుంది. ఆ తర్వాతే ఎవరినైనా పలకరిస్తుంది. నేను ఇక్కడ చేరిన కొత్తలోనే గమనించాను. చెబితే నువ్వు ఏమైపోతావో అని ఊరుకున్నాను.

సోమవారం నేను ముందు చూశాను కాబట్టి సరిపోయింది. రిపోర్టులు పంపే కంప్యూటర్ పాడైందని అబద్ధం చెప్పాను. రోజూ అడుగుతోంది, "బాగైందా" అని. నిన్న అయితే మెట్లెక్కి పైకే వచ్చింది.

ఇప్పుడు నేనేం చెయ్యాలి? కొత్త పద్ధతిలో స్టెప్పులో పేరు ఉండకూడదంటావు. పేరు తీసేస్తే వదినకి పొద్దున్నే ఆ ఒక్క వాక్యమూ ఉండదు. ఉంచితే ఎర్రగీత. నాకు చేతకావడం లేదన్నయ్యా, నువ్వే చెప్పాలి.

చెల్లెలు

———

షాపు

చెల్లాయ్,

నీ మొదటి ఉత్తరం మీద సోమవారం అని చూడగానే నాకు తెలిసింది. తెలిసే, క్యాలెండరని తెలివిగా రాసి తప్పించుకున్నాను.

ఆ ఉదాహరణ ఎలా పుట్టిందో నీకు తెలియదు. భోజనాల బల్ల దగ్గర నేనూ మీ వదినా ఎదురెదురుగా కూర్చున్నాం. కౌంటర్‌లో జరిగేదంతా ఆవిడ చెబుతోంది, నేను రాసుకుంటున్నాను. "ఒక పాప పుస్తకం కోసం వచ్చిందనుకో" అంది ఆవిడ. మధ్యలో కూర్చుని బ్రెడ్డు తింటున్న పిట్ట, "ఏ పాప? నేనేనా?" అంది. నువ్వేలే అన్నాను. "అయితే నా పేరు రాయి, నా పుట్టినరోజు రాయి, లేకపోతే వాళ్ళు నమ్మరు" అంది. పక్కనుండి నా చేత రాయించింది. మర్నాడు పచ్చగీత వస్తే బడిలో అందరికీ చెప్పుకుంది, తను కంప్యూటర్‌లోంచి పుస్తకం తెచ్చుకున్నానని.

మీ వదిన అది రోజూ చదువుతోందని నాకు తెలియదు. ఆ గదిలో ఆ రిపోర్టు చూడలేకే నేను వచ్చేశాను. ఆవిడేమో దాని కోసమే అక్కడ ఉందన్నమాట.

ఎర్రగీత ఆవిడ కంటపడకూడదు. పుట్టిన తేదీ తీసెయ్యి. దాని బదులు, ఈ రోజు నుంచి తొమ్మిదేళ్ళు వెనక్కి లెక్కపెట్టి ఆ తేదీ తీసుకోమని కంప్యూటర్‌కి చెప్పు. ఏ రోజు నడిపినా తొమ్మిదేళ్ళే వస్తాయి. ఇక అది ఎప్పటికీ పన్నెండుకి చేరదు. ఆవిడకి ఏమీ చెప్పకు.

పిట్టకి తొమ్మిదేళ్ళు. అంతే.

అన్నయ్య

———

ఇంట్లో, వంటింటి బల్ల దగ్గర

అన్నయ్యా,

నువ్వు చెప్పినట్టే చేశాను. చెయ్యకుండా ఉండాల్సింది. నీకైనా నాకైనా తట్టి ఉండాల్సింది.

ప్రూఫులు దిద్దిన అలవాటు ఒకటి నాకు ఏడ్చింది కదా. లోపల ప్రోగ్రాం చేసేదే బయట వాక్యంలో కనపడాలని పట్టుబట్టి, వాక్యం కూడా మార్చాను. "ఈ రోజుతో తొమ్మిదేళ్ళు నిండిన పిట్ట, పిల్లల కార్డు చూపించి బొమ్మల పుస్తకం తీసుకుంది." పచ్చగీత వచ్చింది. గండం గడిచిందనుకుని రిపోర్టు కిందికి పంపాను. వదిన ఎదురుచూస్తోంది కదా అని నేనూ మెట్లు దిగాను.

ఆవిడ చదివింది. మళ్ళీ చదివింది. "ఈ రోజా?" అంది. నాకు అర్థం కాలేదు. "దీనికి ఈ రోజు తొమ్మిది నిండాయా? రేపు చదివితే రేపు నిండుతాయా?" అంది. అప్పుడు వెలిగింది నా బుర్రకి. ఈ రోజు నుంచి తొమ్మిదేళ్ళు వెనక్కి అంటే, నడిపిన ప్రతి రోజూ దాని తొమ్మిదో పుట్టినరోజే. పిట్టకి జ్వరం తగిలింది ఆ సాయంత్రమే. కొత్త గౌను విప్పకుండా పడుకుంటానంది. మళ్ళీ లేవలేదు.

నువ్వూ నేనూ కలిసి వదినకి రోజూ పొద్దున్నే ఆ రోజు రాసి పంపే ఏర్పాటు చేశాం అన్నయ్యా.

వదిన అరవలేదు, ఏడవలేదు. వరసలో నిలబడ్డ ముసలాయన పుస్తకానికి ముద్ర వేసి ఇచ్చి, పక్కామెని కూర్చోమని చెప్పి, చెప్పులు కూడా వేసుకోకుండా బయటికి నడిచింది. నేను వెనకాల పరిగెత్తాను. వీధి చివర మందుల షాపు మెట్ల మీద కూర్చుంది. "దాని పుట్టినరోజు ఎవరు మార్చారు?" అంది. నేనే అన్నాను. "నీకంత తెలివి లేదు. మీ అన్నయ్య చెప్పాడా?" అంది. "ఆ తేదీ మీ అన్నాచెల్లెళ్ళది కాదు. ఆ రోజు దాన్ని కన్నది నేను" అంది.

ఇంటికొచ్చి గదిలో పడుకుంది. ఏమైనా తింటావా అంటే వద్దంది. పక్క గదిలో ఉన్న మనిషిని పలకరించలేక నీకు రాస్తున్నాను.

చెల్లెలు

———

షాపు

చెల్లాయ్,

నీ ఉత్తరం చదివి షట్టర్ దించేశాను. షాపాయన ఏమైందన్నాడు, ఒంట్లో బాగోలేదన్నాను.

దాన్ని ఆపుదామనుకున్నాను. ఆపకూడని రోజు దగ్గరే ఆపాను. మీ వదిన ఎప్పుడూ దాన్ని ఇలా ఆపేది కాదు. ఏటా ఆ రోజు రాగానే, "ఉంటే దీనికి ఇప్పుడు పది", "ఇప్పుడు పదకొండు" అనేది. నేను వినలేక లేచి వెళ్ళిపోయేవాణ్ణి. నా కళ్ళ ముందు అది తొమ్మిదేళ్ళ పిల్లే. బ్రెడ్డు అంచులు వదిలేసే పిల్ల. పదకొండేళ్ళ పిల్ల ఎవరో నాకు తెలియదు, తెలియని పిల్ల గురించి మాట్లాడుతున్నట్టు ఉండేది. ఆవిడేమో దాన్ని పెంచుతూనే ఉంది. ఒకే ఇంట్లో ఇద్దరం ఇద్దరు పిల్లల్ని పెట్టుకుని ఎలా ఉంటాం చెప్పు.

ఇక పని సంగతి. నేను మొదట చెప్పిందే సరైంది, తర్వాత నా పిల్ల సంగతి కాబట్టి మాట మార్చాను. స్టెప్పులో పేరు వద్దు, తేదీ వద్దు, ఈ రోజు నుంచి లెక్కలు వద్దు. ఇలా రాయి.

ఫలానా పాఠకురాలికి ఇన్నేళ్ళు.
ఆమె ఫలానా కార్డు అడిగితే.
అప్పుడు సైటు ఇలా చెప్పాలి.

మూడు చిన్న స్టెప్పులు. పేరు దగ్గర ఖాళీ, వయసు దగ్గర ఖాళీ, కార్డు దగ్గర ఖాళీ. చిన్నపిల్లలకీ ముసలివాళ్ళకీ ఇవే సరిపోతాయి. ఆ ఖాళీల్లో ఏం రావాలన్నది స్టెప్పులు రాసేవాళ్ళ పని కాదు. అది ఉదాహరణలు చెప్పేవాళ్ళది. ఇక్కడ ఆ పని మొదట్నించీ మీ వదినదే. ఆవిడ ముందు ఆ మూడు వాక్యాలూ పెట్టు. ఏ పేరు చెబితే అది, ఏ వయసు చెబితే అది. ఏ పేరూ చెప్పకపోయినా నువ్వు అడగకు.

నా మాటగా ఏమీ చెప్పకు.

అన్నయ్య

———

కంప్యూటర్ గది

అన్నయ్యా,

ఆలస్యమైంది. వదిన చాలా రోజులు పైకి రాలేదు, రిపోర్టూ అడగలేదు. నేను ఆ మూడు స్టెప్పులూ రాసి, వాటితో మిగతా ఉదాహరణలన్నీ తిరగరాస్తూ కూర్చున్నాను. నువ్వు రాసిన సంసారాలన్నీ విడిపోయాయి. మేనేజరు ఇంత కొంచెమేనా అన్నాడు. కొంచెమయ్యేసరికి నా తల ప్రాణం తోకకొచ్చిందని ఆయనకేం తెలుసు.

మొన్న లైబ్రరీ మూసే వేళకి వదిన తనే వచ్చి నా పక్కన కుర్చీ లాక్కుంది. "ఏదీ, చూపించు" అంది. చూపించాను. ఖాళీలున్న చోట వేలు పెట్టి, "ఇక్కడ ఏమైనా రాయచ్చా?" అంది. నీ ఇష్టం అన్నాను. కౌంటర్‌కి వచ్చే పిల్లల్ని తలుచుకుంటూ చెప్పడం మొదలుపెట్టింది. కళ్ళద్దాల పాపకి ఏడేళ్ళు, పిల్లల కార్డు ఇవ్వాలి. కవలల్లో అల్లరివాడికి పదకొండు, పిల్లల కార్డు ఇవ్వాలి. నేను టైపు చేస్తున్నాను. తర్వాత ఆగింది. నేను అడగలేదు, నువ్వు చెప్పినట్టే.

"పిట్టకి పన్నెండేళ్ళు" అంది. "పిల్లల కార్డు అడిగితే చెల్లదు అని చెప్పాలి. పెద్దల కార్డు అడిగితే ఇవ్వాలి."

నా చేతులు ఆగిపోయాయి. వదిన నా వైపు చూడకుండా, "రాయి, బొమ్మల పుస్తకాలు ఎన్నాళ్ళు చదువుతుంది" అంది. రాశాను. వచ్చే ఏడాది ఈ పన్నెండు పన్నెండే ఉంటుంది, కంప్యూటర్‌ని లెక్క కట్టమననా అని అడిగాను. "వద్దు. ఏటా ఆ అంకె నేనే వచ్చి మారుస్తాను" అంది.

మర్నాడు రిపోర్టు వచ్చింది. "పిట్టకి పన్నెండేళ్ళు. పిట్ట పిల్లల కార్డు అడిగితే సైటు చెల్లదు అంది." పచ్చగీత. చెల్లదు అనడమే సరైంది కాబట్టి పచ్చగీత. వదిన టీ పక్కన పెట్టుకుని చదివింది. చదివి చాలాసేపు ఏడ్చింది. ఇన్నాళ్ళలో ఆవిడ కౌంటర్ దగ్గర ఏడవడం నేను చూడలేదు. పక్కామె వచ్చేవాళ్ళని ఇంకో కిటికీకి పంపింది.

నువ్వు తొమ్మిదేళ్ళే అన్నావు. నీ మాట నిలబెట్టలేకపోయాను. నాకు నీ మీదా జాలిగానే ఉంది అన్నయ్యా.

చెల్లెలు

———

షాపు

చెల్లాయ్,

నీ ఉత్తరం వచ్చి చాలా రోజులైంది. జవాబు రాద్దామని కూర్చోవడం, కాటా ఒకటి ముందుకు లాక్కోవడం.

పన్నెండేళ్ళ పిట్టని ఊహించుకుందామని చూస్తున్నాను. ఇక్కడ బడి వదిలే వేళకి పిల్లలు షాపు ముందు నుంచే వెళ్తారు. వాళ్ళలో ఎవరికి పన్నెండో నేను పోల్చుకోలేకపోతున్నాను. కొందరు చిన్నగా ఉంటారు, కొందరు అప్పుడే పెద్దవాళ్ళలా ఉంటారు. మొహం తొమ్మిదేళ్ళదే వస్తోంది, మిగతాది ఖాళీగా ఉంటోంది.

నువ్వొక పని చేసిపెట్టు. పిట్ట ఇప్పుడు ఎంత ఎత్తుందో మీ వదినని అడిగి రాయి.

అన్నయ్య

———

ఇంట్లో

అన్నయ్యా,

అడిగాను. అడగడానికి నాకు ధైర్యం చిక్కలేదు, నీ ఉత్తరమే వదిన చేతికి ఇచ్చాను.

చదువుకుని మడిచి బల్ల మీద పెట్టింది. తర్వాత లేచి నిలబడి, అరచెయ్యి బోర్లా పట్టుకుని తన చెవి దాకా ఎత్తింది. కాదనుకుని కొంచెం దించింది. "ఇదిగో, ఇంత" అంది. "మీ అన్నయ్య పోలిక, పొడుగవుతుంది."

నేను టేపు తెచ్చి కొలవబోయాను, నీకు అంకె రాయాలి కదా. వదిన చెయ్యి అలాగే గాల్లో ఉంచి, "వద్దు" అంది. "ఆయన్ని వచ్చి చూసుకోమను."

చెల్లెలు